గాయపడిన మొదటి గంట – గ్రామ పంచాయతీల కర్తవ్యము

త్రాగునీరు, వీధి దీపములు, బాటలు, పారిశుద్ధ్యము – ఇవి పంచాయతీ సభ్యులు దినదినము ఆలోచించు విషయములు. ఇవి యన్నియు ముందుగా కంటికి కనబడు అవసరములు. ముందుగా చెప్పక వచ్చు అవసరము మరొకటి కలదు. పొలము గట్టుపై ట్రాక్టరు బోల్తాపడును. తాటిచెట్టు మీదినుండి గీత కార్మికుడు జారిపడును. నూర్పిడి యంత్రములో కూలివాని చేయి చిక్కుకొనును. రోడ్డు మలుపున మోటారు సైకిలును లారీ ఢీకొనును. అట్టి ఘడియలో గాయపడిన మనిషి బ్రతుకునా లేదా అనునది పెక్కు సందర్భములలో గాయము ఎంత పెద్దదను దానిమీదనే గాక, తగిన వైద్యము ఎంత త్వరగా అందెనను దానిమీద కూడ ఆధారపడి యుండును.

కేంద్ర రోడ్డు రవాణా మంత్రిత్వశాఖ లెక్కల ప్రకారము 2022లో మన దేశమున 4,61,312 రోడ్డు ప్రమాదములు జరిగి, 1,68,491 మంది మరణించిరి. వీరిలో సుమారు మూడింట రెండు వంతుల మంది గ్రామీణ ప్రాంతములలో జరిగిన ప్రమాదములలో పోయినవారే. మృతులలో నూటికి 44 మందికి పైగా ద్విచక్ర వాహనములపై ప్రయాణించుచుండినవారు. పొలములలోను, చెట్లమీదను, బావులలోను జరుగు ప్రమాదములు ఈ లెక్కలో చేరవు. గాయపడినవారిని మొదటి గంటలోగా ఆసుపత్రిలో చేర్చగలిగినచో ఇట్టి మరణములలో సగము వరకు నివారింపవచ్చునను వైద్యుల అభిప్రాయమును లా కమిషన్ 2006లో తన 201వ నివేదికలో ఉదహరించినది.

మొదటి గంట అనగా ఆసుపత్రి గంట కాదు; అందు పెద్ద భాగము గ్రామపు గంట. ఆ కాలమును తగ్గించుట గ్రామస్థుల చేతిలోను, వారి పంచాయతీ చేతిలోను చాలవరకు ఉన్నది. ఈ విషయమును వివరించుటకే మేము ఈ వ్యాసమును వ్రాయుచున్నాము.

ఒక గ్రామపు అనుభవము

కొంతకాలము క్రిందట మేము పర్యటనలో భాగముగా ఒక మెట్ట గ్రామమునకు పోయి యుంటిమి. అంతకు కొన్ని వారముల ముందు ఆ గ్రామమున ధాన్యపు బస్తాలతో వచ్చుచున్న ట్రాక్టరు కాలువ గట్టుమీద బోల్తాపడినది. ముప్పది యేండ్లు నిండని యువకుని తొడ చీలి రక్తము ధారగా కారినది. మూడు గంటల తరువాత జిల్లా ఆసుపత్రి వాకిట అతడు ప్రాణములు విడిచెను. పంచాయతీ కార్యాలయములో సభ్యులతోను, ఆనాడు అక్కడ నున్నవారితోను కూర్చుండి, ఆ మూడు గంటలు ఎట్లు గడచినవో మేము ఒక కాగితముపై వ్రాసికొంటిమి.

అతనిని బయటకు లాగి, గాయముమీద పసుపు అద్ది, అన్నగారికి కబురు పంపి, ఎవరి కారైనను దొరకునా అని వెదకి, చివరకు 108 నంబరునకు ఫోను చేయుటకు 25 నిమిషములు పట్టినవి. అంబులెన్సు మండల కేంద్రము నుండి వచ్చుటకు 20 నిమిషములు. అదే పేరుగల మరియొక శివారు పల్లెకు పోయి తిరిగి వచ్చుటకు మరి 20 నిమిషములు. కల్వర్టు కూలియున్నందున వాహనము అవతలనే ఆగిపోగా, గాయపడిన వానిని మోసికొని పోవుటకు 15 నిమిషములు. పట్టణములో తమకు పరిచయమున్న ఒక చిన్న ఆసుపత్రిలో ముందు చూపింపవలెనని బంధువులు పట్టుబట్టిరి. అచటికి 20 నిమిషములు. అచట శస్త్రవైద్యుడు గాని, రక్తము గాని లేవని తెలిసి, కాగితములు వ్రాయించుకొని బయలుదేరుటకు 35 నిమిషములు. అక్కడినుండి జిల్లా ఆసుపత్రికి 45 నిమిషములు.

మొత్తము 180 నిమిషములు. ఇందులో దూరము వలన గడచినవి 85 నిమిషములు. మిగిలిన 95 నిమిషములు దూరము వలన పోయినవి కావు. అంబులెన్సు సిబ్బంది వచ్చి గాయమును అదిమి కట్టు కట్టువరకు ఆ రక్తమును ఎవరును గట్టిగా అదిమి పట్టినవారు లేరు.

ఆ గ్రామములో ఒక వృద్ధ రైతు మాతో ఇట్లనెను: “బాబూ, ఆనాడు ఊరిలో పరుగెత్తనివాడు లేడు. ఎవరు ఎటు పరుగెత్తవలెనో మాత్రము మాకు తెలియలేదు.” ఆయన మాటలో ఎవరిమీదను నింద లేదు. కాని మన గ్రామములు నేర్చుకొనవలసిన పాఠమంతయు అందులో నున్నది.

కాలమునకు ఇంత విలువ ఎందుకు?

పెద్దవాని శరీరములో సుమారు 5 లీటర్ల రక్తము ఉండును. అందు మూడవ వంతు పోయినచో ఒళ్ళు చల్లబడి, చెమట పట్టి, నాడి వేగమై, మనిషి మత్తులో పడును. సగము వరకు పోయినచో ప్రాణము నిలుచుట దుర్లభము. తొడలోని పెద్ద ధమని తెగినచో ఈ స్థితి కొద్ది నిమిషములలోనే రావచ్చును. ఇట్లే, స్పృహ తప్పి వెల్లకిల పడియున్నవాని నాలుక వెనుకకు జారి గాలి దారిని మూసివేయును. గాలి అందనిచో నాలుగైదు నిమిషములలోనే మెదడు చెడిపోవ నారంభించును. కడుపులోపల గాని, తలలోపల గాని కారు రక్తము పైకి కనబడదు. దానిని శస్త్రవైద్యుడే ఆపవలెను. కనుక గ్రామములో చేయదగినది కొంత, ఆసుపత్రిలోనే కాదగినది కొంత. మొదటిది వెంటనే చేయవలెను. రెండవదాని దగ్గరకు వెంటనే చేరవలెను.

పూర్వము యుద్ధములలో గాయపడిన సైనికులు యుద్ధము ముగియువరకు నేలమీదనే పడియుండెడివారు. 1792 ప్రాంతమున ఫ్రెంచి సైన్యములో లారే అను శస్త్రవైద్యుడు తేలికపాటి గుఱ్ఱపు బండ్లను యుద్ధభూమికే పంపి, క్షతగాత్రులను వెంటనే తెప్పించు పద్ధతిని ప్రవేశపెట్టెను. నేటి అంబులెన్సులకు అదియే మూలము. ఇరువదవ శతాబ్దమున అమెరికాలోని బాల్టిమోరు నగరమున ఆడమ్స్ కౌలీ అను వైద్యుడు మొదటి గంటకు ‘బంగారు గడియ’ అను అర్థమిచ్చు పేరును ప్రచారములోనికి తెచ్చెను. 2019లో సవరింపబడిన మన మోటారు వాహనముల చట్టములో కూడ ఈ మాటకు నిర్వచనము చేర్చబడినది.

గంట దాటిన తరువాత ప్రయత్నము వ్యర్థమని దీని అర్థము కాదు. కొన్ని గాయములకు పది నిమిషములే గడువు. కొన్నింటికి కొన్ని గంటలు కూడ ఉండవచ్చును. ఆలస్యమైన కొలది ఆశ తగ్గుననుటయే సత్యము. దీనికి చక్కని నిదర్శన మొకటి కలదు. రక్తము గడ్డకట్టి నిలుచుటకు తోడ్పడు ట్రానెక్సామిక్ ఆమ్లము అను చౌక మందును 40 దేశములలోని 274 ఆసుపత్రులలో, 20 వేలకు మించిన క్షతగాత్రులపై పరీక్షించి, 2010లో ఫలితములను ప్రకటించిరి. గాయపడిన 3 గంటలలోగా ఇచ్చినచో, అందును మొదటి గంటలో ఇచ్చినచో, ఆ మందు ప్రాణములను కాపాడినది. 3 గంటలు దాటిన పిమ్మట ఇచ్చినచో మేలు చేయకపోవుటయే గాక కీడు కూడ చేయవచ్చునని తేలినది. మందు ఒక్కటే, మోతాదు ఒక్కటే. తేడా అంతయు కాలములో నున్నది.

వాహనము వచ్చులోగా

అంబులెన్సు వచ్చులోగా ఊరకుండరాదు. చేయవలసిన పనులు స్వల్పములు. నేర్చుకొన్నచో పదునాలుగేండ్ల బాలుడైనను చేయగలడు.

మొదట చూచువాడు తనకు అపాయము లేకుండ చూచుకొనవలెను. కరెంటు స్తంభము కూలియున్నచో విద్యుత్తు ఆపువరకు దగ్గరకు పోరాదు. రోడ్డుమీద నైనచో రెండు వైపుల మనుష్యులను నిలిపి రాకపోకలను ఆపవలెను.

రక్తము కారుచున్నచో శుభ్రమైన తుండుగుడ్డను గాని, చీర ముక్కను గాని మడచి గాయముమీద పెట్టి, రెండు చేతులతో గట్టిగా అదిమి, విడువక పట్టవలెను. మధ్య మధ్య ఎత్తి చూడరాదు. గుడ్డ తడిసినచో దానిని తీయక, దానిపై మరియొక గుడ్డ పెట్టి అదుమవలెను. చేతికి గాని, కాలికి గాని తగిలిన గాయమునుండి అదిమినను ఆగక రక్తము ధారగా కారుచున్నచో, గాయమునకు రెండు మూడు అంగుళముల పైన, కీలుమీద పడకుండ, రెండంగుళముల వెడల్పుగల గుడ్డను చుట్టి, ముడిలో పుల్ల దూర్చి రక్తము ఆగువరకు మెలిపెట్టవలెను. సన్నని త్రాడును, తీగను వాడరాదు. కట్టిన వేళను కాగితముపై వ్రాసి వెంట పంపవలెను. ఆసుపత్రికి చేరువరకు దానిని వదులు చేయరాదు.

స్పృహ లేక, ఊపిరి మాత్రము ఆడుచున్న వానిని మెడ, వెన్ను వంగకుండ ఒకే కట్టెవలె ఒక ప్రక్కకు త్రిప్పి పరుండబెట్టవలెను. అప్పుడు నాలుక వెనుకకు జారదు; వాంతియైనను ఊపిరితిత్తులలోనికి పోదు. ఎముక విరిగినచోట వెదురు బద్దలను గాని, మడచిన వార్తాపత్రికల కట్టను గాని ప్రక్కన పెట్టి, పైకీలు, క్రిందికీలు రెండును కదలకుండ కట్టవలెను. రక్తము పోయినవాని ఒళ్ళు చల్లబడినచో గాయమునుండి రక్తము ఆగుట కూడ కష్టమగును; కనుక దుప్పటి కప్పి వెచ్చగా నుంచవలెను.

వ్రేలు గాని, చేయి గాని తెగి వేరైనచో, ఆ భాగమును పారవేయరాదు. శుభ్రమైన తడిగుడ్డలో చుట్టి, ప్లాస్టిక్ సంచిలో పెట్టి మూతి కట్టి, ఆ సంచిని మంచుగడ్డలమీద ఉంచి గాయపడిన వానితో పాటు పంపవలెను. మంచు నేరుగా తగులరాదు.

చేయరాని పనులు

మంచి మనస్సుతో చేయు పనులే కొన్ని కీడు కలిగించుచున్నవి. గాయమునకు పసుపు, కాఫీపొడి, సున్నము, మట్టి, పేడ పూయరాదు. గుచ్చుకొన్న కొడవలిని గాని, ఇనుప చువ్వను గాని పెరికివేయరాదు. అది రక్తనాళమును మూసియుండవచ్చును. దానిని కదలకుండ చుట్టూ గుడ్డలతో నిలిపి పంపవలెను. తీవ్రముగా గాయపడిన వానికి నీరు గాని, టీ గాని, సారాయి గాని త్రాగింపరాదు. స్పృహ లేనివాని గొంతులో అది ఊపిరిదారి పట్టును. శస్త్రచికిత్సకు మత్తు ఇచ్చునప్పుడు కూడ అపాయము కలుగును.

ఎత్తునుండి పడినవానిని చేతులు, కాళ్ళు పట్టుకొని లేవనెత్తి, ఆటోలో ముడిచి కూర్చుండబెట్టుట మిక్కిలి ప్రమాదకరము. వెన్నెముక విరిగియున్నచో ఈ ఒక్క పనితో అతని కాళ్ళు జీవితాంతము చచ్చుపడవచ్చును. నలుగురైదుగురు కలిసి తల, నడుము, కాళ్ళు ఒకే వరుసలో నుంచి, తలుపు రెక్కమీదనో చెక్క పలకమీదనో చేర్చవలెను. వాహనము రాలేని కొండ ప్రాంతములలో డోలీ కట్టవలసి వచ్చినను, మనిషి క్రింద గట్టి పలక ఉండవలెను.

ఎముక చర్మమును చీల్చుకొని బయటకు వచ్చినచో, వ్రేళ్ళు చల్లబడి నల్లబారినచో, కట్టు వైద్యుని దగ్గరకు పోవుట తగదు. అట్టివారిని నేరుగా శస్త్రవైద్యుడున్న ఆసుపత్రికే చేర్చవలెను.

ఫోనులో ఏమి చెప్పవలెను?

108 అంబులెన్సు సేవ 2005 ఆగస్టు 15న హైదరాబాదులో ప్రారంభమై, తరువాత దేశములోని పెక్కు రాష్ట్రములకు వ్యాపించినది. 2014లో రాష్ట్ర విభజన జరిగిన పిమ్మట రెండు తెలుగు రాష్ట్రములలోను ఈ సేవ కొనసాగుచున్నది. ఇది ఉచితము. 112 నంబరునకు చేసినను సహాయము లభించును. ప్రమాదమును చూచిన మొదటి వ్యక్తియే ఫోను చేయవలెను. పెద్దలు వచ్చువరకు ఆగనక్కరలేదు.

ఫోనులో మొదట గ్రామము, శివారు పల్లె, మండలము, జిల్లా పేర్లను వరుసగా చెప్పవలెను. కొత్తపల్లి, రామాపురము వంటి పేర్లు మన రాష్ట్రములలో ఎన్నియో గ్రామములకు కలవు. ఊరి పేరు మాత్రము చెప్పినచో వాహనము దారి తప్పుట సహజము. తరువాత దగ్గరలోని గుడి, బడి, చెరువు వంటి గురుతు, ఏ వైపు దారి వాహనమునకు అనుకూలము, ఎందరు గాయపడిరి, స్పృహ ఉన్నదా, ఊపిరి ఆడుచున్నదా, రక్తము కారుచున్నదా అనునవి చెప్పవలెను. అవతలి వారు చాలునని చెప్పువరకు ఫోను పెట్టివేయరాదు. ఆ పిమ్మట ఆ ఫోనును వేరు మాటలకు వాడక ఖాళీగా నుంచవలెను. ఒక మనిషి పెద్ద రోడ్డు మలుపునకు పోయి నిలువవలెను. రాత్రియైనచో చేత దీపము పట్టవలెను.

ఏ ఆసుపత్రికి?

దగ్గరి ఆసుపత్రి అన్ని వేళల తగిన ఆసుపత్రి కాదు. ప్రాథమిక ఆరోగ్య కేంద్రములో కట్టు కట్టి, సెలైను ఎక్కించి, ప్రాణము నిలుపు ప్రయత్నము చేయుదురు గాని, కడుపు కోసి రక్తమును ఆపు ఏర్పాటు అచట ఉండదు. తీవ్రముగా గాయపడిన వానికి శస్త్రవైద్యుడు, మత్తు వైద్యుడు, రక్తము – ఈ మూడును ఆ వేళకు లభించుచోటు కావలెను. అది ఏరియా ఆసుపత్రియో, జిల్లా ఆసుపత్రియో, వైద్యకళాశాల ఆసుపత్రియో కావచ్చును. ఊపిరి అందని స్థితిలోను, రక్తము ఆగని స్థితిలోను మాత్రము దారిలో మొదట వచ్చు వైద్యుని సహాయము పొందవలసినదే. ఈ నిర్ణయమును అంబులెన్సు సిబ్బందికి విడిచిపెట్టుట మేలు. పరిచయమున్న చిన్న ఆసుపత్రికి పొమ్మని బంధువులు పట్టుబట్టిన సందర్భములలో ఎంత కాలము వృథా కాగలదో పైన చెప్పిన గ్రామపు అనుభవము తెలుపుచున్నది.

చట్టమును గూర్చిన భయము

“తాకినచో కేసు చుట్టుకొనును, సాక్ష్యమునకు కోర్టుల చుట్టూ తిరుగవలెను” అను భయము చేత ఎందరో దయగలవారు కూడ దూరముగా నిలిచిపోవుచున్నారు. ఈ భయమునకు పూర్వము కారణము లేకపోలేదు. కారు ఢీకొన్న ఒక స్కూటరు చోదకుని దగ్గరి ఆసుపత్రికి తీసికొనిపోగా, పోలీసు కేసులు చూచుటకు తమకు అధికారము లేదని, 20 కిలోమీటర్ల దూరములోని మరొక ఆసుపత్రికి పొమ్మనిరి. దారిలోనే అతడు మరణించెను. పరమానంద కటారా అను హక్కుల కార్యకర్త ఈ సంగతిని సుప్రీంకోర్టు దృష్టికి తెచ్చెను. గాయపడిన వాని ప్రాణము కాపాడుట ప్రతి వైద్యుని మొదటి విధియనియు, పోలీసు లాంఛనములు దానికి అడ్డు రారాదనియు 1989లో ఆ కోర్టు తీర్పు చెప్పెను.

ఆదుకొన్న వారి రక్షణకు 2015లో కేంద్ర ప్రభుత్వము మార్గదర్శక సూత్రములను ప్రకటింపగా, 2016 మార్చి 30న సుప్రీంకోర్టు వానిని దేశమంతటను పాటించి తీరవలెనని ఆదేశించెను. 2019లో మోటారు వాహనముల చట్టమున 134-ఎ అను సెక్షను చేర్చబడినది. 2020లో దానికి నియమములు వచ్చినవి. వీని సారాంశ మిది: సద్బుద్ధితో సహాయము చేసినవానిపై సివిలు గాని, క్రిమినలు గాని బాధ్యత మోపబడదు. పేరు, చిరునామా చెప్పుమని అతనిని నిర్బంధింపరాదు. ఆసుపత్రివారు అతనిని ఆపి యుంచరాదు. డబ్బు కట్టుమని అడుగరాదు. తానై ఇష్టపడిననే సాక్షిగా నుండవచ్చును. అప్పుడు కూడ అతనికి అనుకూలమైన చోట, వేళలో విచారింపవలెను. ఈ హక్కులను ప్రాంతీయ భాషలో కూడ వ్రాసి ప్రతి ఆసుపత్రి ప్రవేశద్వారమువద్ద ప్రదర్శింపవలెనని నియమము.

తీవ్రముగా గాయపడిన వానిని మొదటి గంటలోగా ఆసుపత్రికి చేర్చినవారికి పారితోషికము ఇచ్చు పథకమును కేంద్ర ప్రభుత్వము 2021లో రు. 5,000తో ఆరంభించి, 2025లో రు. 25,000కు పెంచినది. పారితోషికము కొరకే మన పల్లెలలో ఎవరును సహాయము చేయరు. కాని సహాయము చేసినవాడు నేరస్థుడు కాడు, గౌరవింపదగినవాడని ప్రభుత్వము పలికినట్లు దీనివలన తెలియుచున్నది.

ఖర్చు విషయము

చేతిలో డబ్బు లేదను జంకు వలన కూడ ఆలస్యము జరుగుచున్నది. 2025 మే 5న ప్రకటితమైన కేంద్ర పథకము ప్రకారము, ఏ రోడ్డుమీదనైనను మోటారు వాహనము వలన గాయపడిన వానికి, పథకములో చేరిన ఆసుపత్రులలో, ప్రమాదము జరిగిన నాటినుండి 7 దినముల వరకు రు. 1,50,000 మించకుండ నగదు చెల్లింపకయే చికిత్స లభించును. పథకములో చేరని ఆసుపత్రిలో ప్రాణము నిలుపుటకు అవసరమైన తక్షణ చికిత్సకు మాత్రమే ఇది వర్తించును. చెట్టునుండి పడుట, యంత్రములో చేయి చిక్కుట వంటివి దీని క్రిందికి రావు. అట్టివారికి ప్రభుత్వ ఆసుపత్రులును, రాష్ట్ర ప్రభుత్వముల ఆరోగ్య పథకములును ఆధారము. కావున ఇంటింటను ఆరోగ్య కార్డులు, ఆధార్ కార్డులు చేతికందుచోట ఉంచుకొనవలెను. వీనికొరకు వెదకుచు వాహనమును మాత్రము ఆపరాదు. కార్డు వెనుక వచ్చినను కార్యము జరుగును.

పంచాయతీ చేయదగిన పనులు

రాజ్యాంగపు పదునొకండవ షెడ్యూలులో పంచాయతీలకు అప్పగింపదగిన 29 విషయములలో రోడ్లు, కల్వర్టులు 13వ అంశముగను, ఆరోగ్యము, ఆసుపత్రులు, ప్రాథమిక ఆరోగ్య కేంద్రములు 23వ అంశముగను పేర్కొనబడినవి. ఈ వ్యాసపు విషయము ఆ రెంటికిని చెందినది. పెద్ద వ్యయము లేకుండ పంచాయతీలు చేయదగిన పనులను క్రింద సూచించుచున్నాము.

ఒకటి: గ్రామమునకు, ప్రతి శివారు పల్లెకు, ప్రధాన మలుపులవద్ద పెద్ద అక్షరములతో పేరు పలకలు పెట్టవలెను. వానిపై పంచాయతీ, మండలముల పేర్లును, 108 నంబరును ఉండవలెను. ఫోను చేయువాడు ఆ పలకను చూచి చదివినను చాలును.

రెండు: కూలిన కల్వర్టులు, బాటలోనికి వచ్చిన పెంటకుప్పలు, గడ్డివాములు, అరుగులు – వీనిని అంబులెన్సు వచ్చునను దృష్టితో ఒకసారి పరిశీలించి తొలగింపవలెను. వాహనము మరలుటకు చోటున్నదో లేదో చూడవలెను.

మూడు: ప్రతి వార్డునుండి ఇద్దరు ముగ్గురు స్త్రీ పురుషులను ఎన్నుకొని, ప్రాథమిక ఆరోగ్య కేంద్రపు వైద్యాధికారి చేత ప్రథమ చికిత్సలో శిక్షణ ఇప్పింపవలెను. ఆశా కార్యకర్తలు, ఆటో, ట్రాక్టరు డ్రైవర్లు, కరెంటు పని తెలిసినవారు, పొదుపు సంఘముల సభ్యురాండ్రు ఇందులో ఉండుట మంచిది. ఏటికి రెండుసార్లు మరల అభ్యాసము చేయింపవలెను. మరచిపోయిన విద్య ఆపదలో అక్కరకు రాదు.

నాలుగు: గట్టి పలక ఒకటి, దుప్పటి, శుభ్రమైన గుడ్డలు, వెడల్పు పట్టీలు, కత్తెర, దీపము ఒకచోట ఉంచవలెను. ఆ చోటు రాత్రింబవళ్ళు తెరచి యుండవలెను. తాళము వేసి, తాళపుచెవి పొరుగూరికి పోయినచో ఆ పెట్టె ఉన్నను లేనట్లే.

ఐదు: ఏ ఆసుపత్రి ఎంత దూరము, ఎందులో రాత్రివేళ శస్త్రవైద్యుడు, రక్తము లభించునో వైద్యాధికారిని అడిగి తెలిసికొని, పంచాయతీ గోడపై వ్రాయింపవలెను. మార్పులు కలిగినప్పుడు దిద్దవలెను.

ఆరు: రక్తదాతల జాబితాను గ్రూపుల వారీగా తయారు చేయవలెను. 18 మొదలు 65 సంవత్సరముల వయస్సు, 45 కిలోలకు తగ్గని బరువు గల ఆరోగ్యవంతులు రక్తము ఈయవచ్చును. పురుషులు 90 దినములకు, స్త్రీలు 120 దినములకు ఒకసారి ఈయవచ్చును. రక్తమును పరీక్షించిన పిమ్మటనే ఎక్కింతురు గనుక, ప్రమాదము జరిగిన తరువాత ఇచ్చుటకంటె ముందుగా శిబిరములలో ఇచ్చి రక్తనిధిని నింపియుంచుట ఎక్కువ ఉపకారము.

ఏడు: గ్రామములో ప్రమాదము జరిగినప్పుడెల్ల, ఎన్ని గంటలకు జరిగెను, ఎన్నింటికి ఫోను చేసిరి, వాహనము ఎన్నింటికి వచ్చెను, తగిన ఆసుపత్రికి ఎన్నింటికి చేరెను – ఈ నాలుగు వేళలను ఒక పుస్తకములో వ్రాసి గ్రామసభలో చదువవలెను. ఇది ఒకరిని తప్పుపట్టుటకు కాదు. కాలము ఎక్కడ పోవుచున్నదో కనిపెట్టుటకు. ఒకేచోట మరల మరల ప్రమాదములు జరుగుచున్నచో, ఆ మలుపును, ఆ గట్టులేని బావిని, కప్పులేని యంత్రపు బెల్టును సరిచేయించుటకు కూడ ఆ పుస్తకమే ఆధారమగును.

మరల ఆ గ్రామమునకు

మొదట చెప్పిన గ్రామమునకు మేము మరియొకసారి పోయితిమి. కల్వర్టు బాగుపడినది. మూడు మలుపులవద్ద పేరు పలకలు వెలసినవి. పంచాయతీ కార్యాలయపు వరండాలో గోడకు ఒక చెక్క పలక వ్రేలాడుచున్నది. ఆ నడుమ తాటిచెట్టునుండి పడిన గీత కార్మికుడొకడు ఆ పలకమీదనే అంబులెన్సునకు చేరెను. ఆనాడు ఫోను చేయుటకు పట్టినది 3 నిమిషములు. దారి చూపుటకు ఇద్దరు యువకులు రోడ్డుమీద నిలిచి యుండిరి. దారిలో ఎక్కడను ఆగక, గంటన్నరలోపల అతడు జిల్లా ఆసుపత్రికి చేరెను. నడుము ఎముక విరిగినందున అతడు మరల చెట్టు ఎక్కలేడు. చేతికఱ్ఱ సాయముతో నడచుచున్నాడు. ఇంటి అరుగుమీద కూర్చుండి మాతో మాటలాడెను; అతని చిన్నకూతురు ప్రక్కనే బడి లెక్కలు చేసికొనుచుండెను.

ఆసుపత్రిని ఊరికి దగ్గరగా జరుపుట పంచాయతీకి సాధ్యము కాదు. ఆ దారిలో వృథాగా పోవు నిమిషములను తగ్గించుట సాధ్యము. రాబోవు గ్రామసభలోనే ఈ విషయమును చర్చకు పెట్టి, మొదటి పనిగా పేరు పలకలను, రెండవ పనిగా శిక్షణను తీర్మానింతురని మేము ఆశించుచున్నాము. ఆపద ఏ ఇంటికి, ఏ వేళ వచ్చునో ఎవరును ఎరుగరు. అది వచ్చిననాడు ఎవరు ఎటు పరుగెత్తవలెనో మాత్రము ఊరిలో ప్రతి ఒక్కరికి తెలిసి యుండవలెను.